సూర్యుడికి దగ్గరగా వచ్చిన జనవరిలోనే మనకు చలి ఎందుకు? భూమి ఇరుసు వంపు, ఓరుగల్లు ఎండలు

డాబా_మీది_నీడ (హన్మకొండ)
2025 జనవరి 5, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిన్న సాయంత్రం దినపత్రికలో ఒక చిన్న వార్త చూపించి ఒక ప్రశ్న అడిగింది. రాత్రంతా ఆలోచించినా నాకు సమాధానం తట్టలేదు. జనవరి 4న భూమి తన కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చిందని, ఆనాటి దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లని, జూలై మొదట్లో అది 15.21 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుందని ఆ వార్తలో ఉంది. "నాన్నా, పొయ్యికి దగ్గరగా కూర్చుంటే సెగ ఎక్కువ తగులుతుంది కదా, మరి సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడే మనం దుప్పట్లు కప్పుకొని ఎందుకు వణుకుతున్నాము?" అని అడిగింది. భూమి ఒరిగి ఉండడం వల్ల ఋతువులు ఏర్పడతాయని చిన్ననాడు చదువుకున్న మాట చెప్పాను గాని, ఒరిగితే ఎండ ఎందుకు తగ్గాలని తను మళ్ళీ అడిగేసరికి ఆగిపోయాను. ఒరిగిన వైపు సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి అటు వేడి ఎక్కువని ట్యూషన్‌లో చెప్పారట. 50 లక్షల కిలోమీటర్లు దగ్గరికి జరిగినా రాని వేడి, కాస్త ఒరిగినంత మాత్రాన ఎలా వస్తుందో నాకు బోధపడలేదు. తెలిసినవారు పిల్లకు అర్థమయ్యేలా వివరించమని కోరుతున్నాను.

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
జనవరి 5, ఉదయం 10:15

నమస్కారం. మీ అమ్మాయి ప్రశ్న సరైన చోటనే తగిలింది. ముప్పై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పాను. ఈ పాఠాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవారిని చాలామందిని చూశాను గాని, పొయ్యి పోలిక తెచ్చి నిలదీసినవారు తక్కువ.

ముందు దూరం సంగతి తేల్చుకుందాము. 50 లక్షల కిలోమీటర్లంటే చాలా పెద్ద తేడాగా వినిపిస్తుంది గాని, 15 కోట్లలో అది నూటికి మూడు పాళ్ళ కంటే కొంచెమే ఎక్కువ. దాని వల్ల భూమి మొత్తానికి అందే ఎండ జూలైలో కంటే జనవరిలో సుమారు 7 శాతం ఎక్కువగా ఉంటుంది. అది కొట్టిపారేయదగినది కాదు. కాని అంతకంటే ఎంతో బలమైన కారణం మరొకటి పనిచేస్తూ ఉండడం వల్ల మనకు అది తెలియడం లేదు. ఇక ఒరిగిన వైపు దగ్గరవుతుందన్న మాటకు వస్తే, భూమి అడ్డుకొలతే 12,742 కిలోమీటర్లు. ఎంత ఒరిగినా ఒక అర్ధగోళం రెండోదాని కంటే కొన్ని వేల కిలోమీటర్లకు మించి ముందుకు రాలేదు. 50 లక్షలు చేయలేని పని కొన్ని వేలు చేస్తాయా అన్న మీ అనుమానం సరైనదే.

అసలు సంగతి ఎండ వాలులోను, పగటి పొడవులోను ఉంది. భూమి ఏ ఇరుసు మీద తిరుగుతున్నదో ఆ ఇరుసు, సూర్యుని చుట్టూ తాను నడిచే దారికి నిట్టనిలువుగా లేదు. నిలువు నుంచి 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. దాని ఉత్తరపు కొస ఏడాది పొడవునా ధ్రువ నక్షత్రం వైపే చూస్తుంది. జూన్‌లో భూమి సూర్యునికి ఒక పక్కన ఉంటుంది కాబట్టి ఆ ఒరుగుదల ఉత్తరార్ధగోళాన్ని సూర్యుని వైపు వంచుతుంది; డిసెంబరులో భూమి అవతలి పక్కకు చేరుతుంది కాబట్టి అదే ఒరుగుదల మనల్ని సూర్యునికి ఎడంగా వంచుతుంది. ఇరుసు దిశ మారలేదు, భూమి నిలిచిన చోటు మారింది. ఈ ఒక్క వాక్యం మనసులో నిలిస్తే పాఠం సగం వచ్చినట్టే.

ఒరిగితే ఎండ ఎందుకు తగ్గాలంటారా? ఒక బస్తా వడ్లను కల్లంలో కుప్పగా పోస్తే ఆ చోట వడ్లు మందంగా ఉంటాయి. అదే బస్తాను కాళ్ళతో నెరిపి పలచగా పరిస్తే ఎక్కువ నేలను కప్పుతాయి గాని ఏ చోట చూసినా పలచగానే ఉంటాయి. వడ్లు తగ్గలేదు, పరచుకున్న నేల పెరిగింది. ఎండ కూడా అంతే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు వెలుగు ఒక చదరపు మీటరు నేల మీదే పడుతుంది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, డిసెంబరు 21న మనకు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48.6 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అప్పుడు అదే వెలుగు 1.33 చదరపు మీటర్ల నేలకు పరచుకుంటుంది. పైగా ఆ రోజు పగలు సుమారు 11 గంటలే. జూన్ 21న 13 గంటల 10 నిమిషాలు. ఈ రెండూ కలిపి, జనవరి నాటి దగ్గరితనాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, వాతావరణం పై అంచు దగ్గర లెక్క వేస్తే, మనకు డిసెంబరు చివరి రోజుల్లో ఒక దినానికి అందే ఎండ జూన్ చివరి రోజుల్లో అందేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. పొయ్యికి కొంచెం దగ్గరగా జరిగినా, సెగకు ఎదురుగా కాక పక్కకు వాలి, అది కూడా తక్కువ సేపు కూర్చున్నట్టు.

మీ అమ్మాయితో ఒక పని చేయించండి. ఒక బత్తాయి పండుకు చీపురు పుల్ల గుచ్చి, చీకటి గదిలో బల్ల మీద దీపం పెట్టి, పుల్లను కొంచెం ఒరగబెట్టి దీపం చుట్టూ నడవమనండి. నడుస్తున్నంత సేపూ పుల్ల పై కొస ఒకే గోడ వైపు చూడాలి. పిల్లలు తమతో పాటు పుల్లను కూడా తిప్పేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. రెండో పని ఇంకా తేలిక. డాబా మీద ఒక మీటరు గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి, రోజులో నీడ అతి పొట్టిగా ఉన్న వేళ దాని పొడవు కొలిచి రాసుకోండి. ఈ రోజుల్లో మనకు ఆ వేళ 12:17 ప్రాంతంలో వస్తుంది. ఏడాది పాటు కొలిస్తే మరొకరు వివరించవలసిన పని ఉండదు.

నర్సంపేట_కల్లం
జనవరి 5, మధ్యాహ్నం 1:05

పంతులమ్మ గారు కల్లం మాట ఎత్తారు కాబట్టి మిరప రైతుగా నేను చూసింది రాస్తాను. మా దగ్గర తొలి కోత కాయ ఈ నెలలో కల్లానికి వస్తుంది, చివరి కోత మార్చిలో వస్తుంది. ఇప్పుడు ఎండబోసిన కాయ గలగలలాడడానికి పది రోజులకు పైగా పడుతుంది. మార్చిలో అదే కల్లంలో అదే మందాన పోస్తే ఆరేడు రోజులకే ఆరుతుంది. ఇప్పుడు పొద్దున తొమ్మిది దాకా మంచు పదును పోదు, సాయంత్రం నాలుగు దాటితే ఎండకు బలం ఉండదు. తేమ మిగిలితే ఎనుమాముల మార్కెట్‌లో కాయను చేతితో నలిపి చూడగానే ధర తగ్గిస్తారు కాబట్టి మాకు ఈ లెక్క బతుకుదెరువు లెక్క. దీన్ని ఇన్నాళ్ళూ చలి వల్ల అనుకున్నాను గాని, ఆ చలికి మూలం ఎండ వాలులో ఉందని ఇప్పుడు తెలిసింది. మా నాన్నగారు చలికాలం కల్లాన్ని దక్షిణానికి కొంచెం వాలుగా చదును చేయించేవారు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి, ఆ వాలు మీద ఎండ కాస్త నిటారుగా పడుతుందన్నది ఇప్పుడు స్ఫురిస్తున్నది.

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
జనవరి 5, మధ్యాహ్నం 1:40

మీ నాన్నగారు చేసింది అక్షరాలా సరైన పని. నేలను దక్షిణానికి ఎన్ని డిగ్రీలు వాలిస్తే ఆ కల్లం వరకు సూర్యుడు అన్ని డిగ్రీలు పైకి ఎక్కినట్టే.

డాబా_మీది_నీడ (హన్మకొండ)
జనవరి 5, రాత్రి 8:30

పంతులమ్మ గారు చెప్పిన రెండు పనులూ ఈ రోజే చేశాము. దారానికి గుండు కట్టి నిలువు చూసుకొని ఇనుప గొట్టం నిలబెట్టి, పన్నెండు నుంచి ఐదైదు నిమిషాలకు ఒకసారి సుద్దతో నీడ కొసను గుర్తు పెట్టాము. 12:17 దగ్గర నీడ అన్నిటికంటే పొట్టిగా, 86 సెంటీమీటర్లు వచ్చింది. సరిగ్గా ఉత్తరానికి పడింది.

బత్తాయి దగ్గర మీరు చెప్పినట్టే జరిగింది. మొదటి చుట్టులో అమ్మాయి పుల్లను తనతో పాటే తిప్పింది, అందువల్ల పండు పై సగం ఎప్పుడూ దీపం వైపే వాలి ఉంది. "ఇలాగైతే ఏడాదంతా ఎండాకాలమే కదా" అని తనే ఆగింది. రెండో చుట్టులో నేను గదిలో ఉత్తరపు గోడ మీది గడియారాన్ని చూపించి, పుల్ల కొస దాన్నే చూడాలన్నాను. దీపానికి దక్షిణం పక్కన నిలబడినప్పుడు పుల్ల దీపం వైపు వాలింది, ఉత్తరం పక్కకు వచ్చేసరికి దీపానికి ఎడంగా వాలింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఇది: మనకు చలిగా ఉన్నప్పుడు పండు కింది సగంలో ఎండాకాలం ఉంటుందా?

మెల్‌బోర్న్_ఓరుగల్లు
జనవరి 6, ఉదయం 6:20

ఉంటుందని చెప్పడానికి నేను ఇక్కడే ఉన్నాను. మాది శివనగర్, పదకొండేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాము. ఇక్కడ సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. జనవరిలో 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, అటువంటి రోజుల్లో ఆరుబయట నిప్పు రాజేయడాన్ని ప్రభుత్వం నిషేధిస్తుంది కాబట్టి భోగి మంట వేయాలంటే ఆ రోజు నిషేధం ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. ముగ్గు వేసేటప్పుడు చెప్పులు విడిస్తే అరికాళ్ళు కాలుతాయి.

మీ అమ్మాయికి ఇంకొక వింత చెప్పండి. ఈ ఊరు 37.8 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ ఉత్తరాననే ఉంటాడు. సూర్యునికి ఎదురుగా నిలబడితే పొద్దు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వచ్చిన కొత్తలో దిక్కులు తెలియక ఎంతో తికమకపడ్డాను. డిసెంబరులో సూర్యుడు 75 డిగ్రీల పైకి ఎక్కుతాడు, జూన్‌లో 29 డిగ్రీలు కూడా ఎక్కడు. భూమి సూర్యునికి దగ్గరగా ఉండడమే ఎండకు కారణమైతే హన్మకొండలోను ఇక్కడా ఒకేసారి ఎండాకాలం రావాలి. రావడం లేదు కాబట్టి ఆ కారణం నిలవదు.

అయితే నాదొక సందేహం. మా వేసవిలోనే భూమి సూర్యునికి దగ్గరగా ఉంటుంది కదా, అంటే మా ఎండాకాలం మీ ఎండాకాలం కంటే 7 శాతం తీవ్రంగా ఉండాలి. దక్షిణార్ధగోళమంతా అలా మాడిపోవడం లేదెందుకు?

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
జనవరి 6, ఉదయం 11:00

చాలా మంచి సందేహం. దక్షిణార్ధగోళంలో నూటికి 81 పాళ్ళు నీళ్ళే. ఉత్తరాన నీళ్ళు 61 పాళ్ళు మాత్రమే. నీరు నిదానంగా కాగుతుంది, నిదానంగా చల్లారుతుంది. అక్కడ అదనంగా పడిన ఎండను సముద్రం మింగేస్తుంది. దీని వల్ల మరొక విచిత్రం జరుగుతుంది: భూమి మొత్తం మీద సగటు ఉష్ణోగ్రత చూస్తే, సూర్యునికి దూరంగా ఉన్న జూలైలోనే ఎక్కువ, దగ్గరగా ఉన్న జనవరిలో తక్కువ. జూలైలో ఎండ ఉత్తరాన ఉన్న విశాలమైన నేల మీద పడుతుంది, నేల త్వరగా కాగుతుంది. దూరమే ఋతువులకు కారణమనేవారికి చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు.

పంచాంగ_పఠనం (ధర్మపురి)
జనవరి 14, ఉదయం 9:10

సంక్రాంతి శుభాకాంక్షలు. నేటి నుంచి ఉత్తరాయణమని పంచాంగంలో ఉంది, ఇళ్ళలోనూ అదే చెప్పుకుంటున్నాము. ఆకాశంలో సూర్యుడు దక్షిణపు కొసను తాకి ఉత్తరానికి మళ్ళింది మాత్రం డిసెంబరు 21ననే. ఈ 24 రోజుల తేడాను చూసి పంచాంగం తప్పని కొందరు తేలికగా అనేస్తారు. రెండూ రెండు వేర్వేరు లెక్కలని తెలిస్తే ఆ మాట అనరు. సంక్రాంతి అంటే సూర్యుడు నక్షత్రాల మధ్య మకరరాశిలో ప్రవేశించడం. అయనం అంటే ఇరుసు వంపు వల్ల సూర్యుని దారి మళ్ళడం. సుమారు 1700 ఏళ్ళ క్రితం రెండూ ఒకే రోజున జరిగేవి. భూమి ఇరుసు తిరుగుతున్న బొంగరం తల ఊపినట్టు 25,800 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ కదలిక వల్ల సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున సంక్రాంతి వెనుకబడుతూ వచ్చింది. రామప్ప గుడి కట్టిన 1213 నాటికి అయనం మళ్ళిన 13 రోజులకు సంక్రాంతి వచ్చేది. ఇప్పుడు 24 రోజులకు వస్తున్నది.

ఏడాది పొడవునా ఇరుసు ఒకే వైపు చూస్తుందని పంతులమ్మ గారు చెప్పిన దానికి ఇది విరుద్ధం కాదు. ఒక మనిషి జీవితకాలంలో ఆ దిశ ఒక డిగ్రీ మాత్రమే జరుగుతుంది. వంపు పరిమాణం కూడా స్థిరం కాదు. సుమారు 41,000 ఏళ్ళ కాలంలో అది 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది, ప్రస్తుతం మెల్లగా తగ్గుతున్నది. మన సిద్ధాంత గ్రంథాలు దీన్ని పరమక్రాంతి అన్నాయి, సూర్యసిద్ధాంతం దాని విలువను 24 డిగ్రీలుగా తీసుకుంది. దుర్భిణి లేని కాలంలో, శంకువు అనే నిలువు కర్ర నీడను కొలిచి తేల్చిన లెక్క ఇది. మీరు డాబా మీద నిలబెట్టిన గొట్టం ఆ శంకువే.

నిన్న రాత్రి పుష్య పౌర్ణమి చంద్రుణ్ణి ఎవరైనా చూశారా? నడిరేయి దాదాపు నెత్తిమీదికి వచ్చాడు. పున్నమి చంద్రుడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, సూర్యుడు ఆరు నెలల తర్వాత నడవబోయే దారిలో ఇప్పుడు నడుస్తాడు. అందుకే చలికాలపు పున్నమి ఎత్తున వెలుగుతుంది, జ్యేష్ఠ పౌర్ణమి దక్షిణాన కిందుగా సాగిపోతుంది. మాఘ పౌర్ణమికి మేడారం వెళ్ళి అర్ధరాత్రి తల పైకెత్తి చూసినవారికి ఇది అనుభవమే.

నర్సంపేట_కల్లం
జనవరి 14, సాయంత్రం 5:30

అయ్యగారూ, అయితే కార్తెలు కూడా అలాగే జరుగుతున్నాయా? మేము విత్తనం వేసేది మృగశిర చూసుకొనే కదా.

పంచాంగ_పఠనం (ధర్మపురి)
జనవరి 14, రాత్రి 7:45

జరుగుతున్నాయి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అది కూడా నక్షత్రాల లెక్కే కాబట్టి, ఋతువుతో పోలిస్తే 71 ఏళ్ళకు ఒక రోజు వెనుకబడుతుంది. మీ ముత్తాత విత్తిన మృగశిరకూ మీరు విత్తే మృగశిరకూ ఒకటి రెండు రోజుల కంటే తేడా ఉండదు. వానలు ఏటేటా పది పదిహేను రోజులు ముందు వెనుకలు అవుతుంటాయి; ఆ ఊగిసలాట ముందు ఇది కనబడదు.

ఆదిలాబాద్_చలి
జనవరి 16, ఉదయం 6:50

మా జిల్లాలో చలి పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. మేము వరంగల్ కంటే ఉత్తరాన ఉన్నాము కాబట్టి ఈ వంపు ప్రభావం మా మీద అంత ఎక్కువా?

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
జనవరి 16, ఉదయం 9:30

వంపు వాటా అందులో చాలా తక్కువ. మీరు మాకంటే 1.7 డిగ్రీలే ఉత్తరాన ఉన్నారు. డిసెంబరులో మీ మధ్యాహ్నపు సూర్యుడు మా సూర్యుని కంటే అంతే కిందుగా ఉంటాడు. మిగిలినది పొడి గాలి, మబ్బులేని రాత్రులు, ఉత్తరం నుంచి దిగే చలిగాలులు కలిసి చేసే పని. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. ఋతువుకు వంపు కారణమంటే ప్రతి రోజు చలికీ ప్రతి రోజు ఎండకూ వంపే కారణమని కాదు.

డాబా_మీది_నీడ (హన్మకొండ)
మార్చి 20, రాత్రి 9:00

ఈ రోజు పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు. మధ్యాహ్నం 12:19కి మా ఆవిడ కొలిచింది: 32 సెంటీమీటర్ల మీద అర. జనవరిలో 86 ఉన్న నీడ రెండున్నర నెలల్లో ఇంతకు తగ్గింది. 32.5 ను 100 తో భాగించి పట్టిక చూస్తే 18 డిగ్రీల కోణం వచ్చింది. అది మన ఊరి అక్షాంశమేనని అమ్మాయి కనుక్కుంది. డాబా దిగకుండా భూమి మీద మన చోటు తెలిసింది.

డాబా_మీది_నీడ (హన్మకొండ)
మే 11, మధ్యాహ్నం 2:10

ఆదివారం కాబట్టి ఇంటిల్లిపాదీ డాబా మీదే ఉన్నాము. 12:08కి గొట్టానికి నీడ లేదు. అడుగున పళ్ళెమంత మేర సున్నం చల్లి ఉంచాము. దాని మీద ఏ పక్కకూ నల్లని గీత పడలేదు. అమ్మాయి చేతులు చాచి నిలబడితే చేతుల నీడ పాదాలకు రెండు పక్కలా పడింది, తల నీడ మాత్రం భుజాల మీదే ఆగిపోయింది. పక్కన పెట్టిన లోతైన బిందెలో అడుగంతా వెలుగుతో నిండి ఉంది. పది నిమిషాలు కాకముందే తూర్పు పక్కన సన్నని నీడ మొలిచింది.

నర్సంపేట_కల్లం
మే 11, సాయంత్రం 6:15

మా పొలంలో తాతల నాటి మోట బావి ఉంది. నీళ్ళు ఇప్పుడు బాగా అడుక్కు పోయాయి. మీరు ముందే చెప్పి ఉంచారు కాబట్టి పన్నెండు దాటాక ఒడ్డున నిలబడ్డాను. ఏడాదంతా నీడలో ఉండే రాతి కట్టు అడుగు దాకా వెలిగింది, నీళ్ళలో సూర్యబింబం నడిమధ్యకు వచ్చింది. కళ్ళు చెదురుతాయి కాబట్టి దాని వైపు నేరుగా చూడకుండా గోడ మీద ఆడుతున్న వెలుగునే చూశాను. అరవై ఏళ్ళలో ఆ బావి అడుగు రాళ్ళను ఇంత స్పష్టంగా చూడడం ఇదే మొదలు.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
మే 15, రాత్రి 11:50

మా దగ్గర ఈ రోజు నీడ మాయమైంది. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, ఒక చిక్కు తీరలేదు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళన్నిటికీ సూర్యుడు ఏటా రెండుసార్లు నెత్తిమీదికి వస్తాడు కదా. గోదావరిఖనికి మే 15న ఒకసారి, మళ్ళీ జూలై 29 ప్రాంతంలో రెండోసారి. మే నెలలో ఇక్కడ బొగ్గు గుట్టల పక్కన నిలబడితే ఊపిరి ఆడదు, ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. జూలై చివర అదే సూర్యుడు అదే నడినెత్తిన ఉన్నప్పుడు గొడుగు పట్టుకొని డ్యూటీకి వెళతాము. ఒకే కోణం, దాదాపు ఒకే పగటి పొడవు, మరి ఇంత తేడా ఎందుకు?

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
మే 16, ఉదయం 10:40

పాఠ్యపుస్తకంలోని నాలుగు ఋతువుల బొమ్మ మన ప్రాంతానికి సరిపోనిది ఇక్కడే. ఆ బొమ్మ ప్రకారం జూన్, జూలై, ఆగస్టు నెలలు ఉత్తరార్ధగోళానికి ఎండాకాలం. మనకు ఆ మూడు నెలలూ వానాకాలం. వంపు లెక్క తప్పలేదు. వంపు మన దగ్గర రెండు పనులు చేస్తుంది, రెండో పని మొదటి దాన్ని మూసేస్తుంది.

మార్చి నుంచి సూర్యుడు ఉత్తరానికి ఎక్కుతూ వస్తాడు. ఆకాశం నిర్మలంగా, నేల ఎండిపోయి ఉంటుంది. పడిన ఎండలో అధిక భాగం నేలను, గాలిని వేడి చేయడానికే పోతుంది. అలా ఉపఖండమంతా కాగి, దాని మీది గాలి పీడనం తగ్గి, హిందూ మహాసముద్రం మీది నుంచి తేమ గాలులు లోపలికి వస్తాయి. అవే నైరుతి ఋతుపవనాలు. అంటే మన వానాకాలం కూడా ఇరుసు వంపు తెచ్చినదే. జూలై చివరికి సూర్యుడు తిరుగు దారిలో మళ్ళీ మీ నెత్తిమీదికి వచ్చేసరికి కింద మబ్బులు కమ్మి ఉంటాయి, అవి ఎండలో పెద్ద భాగాన్ని తిప్పికొడతాయి. మబ్బు దాటి పడిన ఎండ కూడా ముందు తడి నేలను, వరి మడిలో నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి గుడ్డ చుట్టిన కుండ చల్లగా ఉన్నట్టు నేల చల్లగా ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. నేలకు వేడి ఎక్కడానికీ దిగడానికీ సమయం పడుతుంది. డిసెంబరు 21న ఎండ అతి తక్కువైనా చలి ఆ తర్వాత కూడా కొన్ని వారాలు నిలిచి ఉంటుంది. శివరాత్రికి గాని శివశివా అంటూ పోదు. లోతుకు పోయేకొద్దీ ఈ ఆలస్యం పెరుగుతుంది, తేడా తగ్గుతుంది. బావి నీళ్ళు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా అనిపించడం అందుకే. పది పదిహేను మీటర్ల లోతున ఋతువు అన్నది దాదాపు ఉండదు.

నర్సంపేట_కల్లం
మే 31, ఉదయం 7:00

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈసారి ఋతుపవనాలు మే 24నే కేరళను తాకి, నాలుగు రోజుల్లో మన దాకా వచ్చాయి. రోళ్ళు పగలకపోగా తడిశాయి. సూర్యుడు ఉన్న చోటే ఉన్నా మబ్బు వస్తే ఏమవుతుందో పంతులమ్మ గారు రాసింది పదిహేను రోజుల్లో కళ్ళారా చూశాము.

డాబా_మీది_నీడ (హన్మకొండ)
జూన్ 21, మధ్యాహ్నం 3:20

పొద్దున నుంచి మబ్బుగా ఉంది. అదృష్టవశాత్తు 12:13 దగ్గర కొద్ది నిమిషాలు ఎండ కాసింది. నీడ 9 సెంటీమీటర్ల మీద కొంచెం, అది కూడా దక్షిణానికి పడింది. జనవరిలో ఉత్తరానికి పడిన నీడ ఇప్పుడు అటు తిరిగింది. మా వంటింటి కిటికీ ఉత్తరపు గోడకు ఉంది. చలికాలమంతా అందులో ఎండ పొడ కూడా పడదు. ఈ నెల రోజులుగా మధ్యాహ్నం వేళ మబ్బు విడిస్తే చాలు, కిటికీ గట్టు మీద ఉన్న ఉప్పు జాడీ మెరుస్తున్నది. ఇంటావిడ ఇన్నేళ్ళుగా దీన్ని గమనిస్తూనే ఉందట, కారణం మాత్రం ఈ ఏడే తెలిసిందన్నది.

సూర్యోదయం సంగతి కూడా రాయాలి. మా డాబా మీద తూర్పుకు తిరిగి నిలబడితే, జనవరిలో పొద్దు కుడి పక్కనున్న నీళ్ళ ట్యాంకు వెనుక నుంచి వచ్చేది. ఇప్పుడు ఎడమ పక్కన దూరంగా ఉన్న తాటిచెట్ల దగ్గర పొడుస్తున్నది. పంచాంగ పఠనం గారూ, ఈ రెండు కొసల మధ్య కోణం ఎంత ఉంటుంది?

పంచాంగ_పఠనం (ధర్మపురి)
జూన్ 22, ఉదయం 8:00

మన అక్షాంశం మీద సరైన తూర్పుకు ఇటు సుమారు 24.7 డిగ్రీలు, అటు అంతే. రెండు కొసల మధ్య 49 డిగ్రీలకు పైగా ఉంటుంది. ఈ రోజుల్లో పొద్దు ఆ కొసన ఆగినట్టే కనిపిస్తుంది. జూన్ 11 నుంచి జూలై 1 దాకా మధ్యాహ్నపు ఎత్తులో అర డిగ్రీ మార్పు కూడా రాదు. విషువత్తు దగ్గర మాత్రం రోజుకు 0.4 డిగ్రీల చొప్పున పరుగెడుతుంది. ఊయల కొసన ఆగి, నడుమ వేగంగా ఊగినట్టు ఉంటుంది.

గోదావరిఖని_రెండో_షిఫ్టు
జూలై 29, రాత్రి 10:30

మధ్యాహ్నం గొడుగు కిందే ఉన్నాను. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడని లెక్క ప్రకారం తెలుసు గాని కనబడలేదు.

డాబా_మీది_నీడ (హన్మకొండ)
సెప్టెంబరు 22, మధ్యాహ్నం 1:30

నిన్న ఎంగిలిపూల బతుకమ్మ. మిగిలిన గునుగు, తంగేడు పూలు డాబా మీద గుడ్డ పరిచి ఉంచాము, గొట్టం వాటి పక్కనే నిలబెట్టాము. ఈ రాత్రికి సూర్యుడు భూమధ్యరేఖను దాటి దక్షిణానికి వెళుతున్నాడు. ఈ రోజు 12:04కే నీడ అతి పొట్టిగా వచ్చింది: 32 సెంటీమీటర్లు, ఉత్తరానికి. మార్చి 20 నాటి సుద్ద గీత వానలకు చెరిగిపోయినా నోటు పుస్తకంలో అంకె ఉంది. నీడ అంతే పొడవున్నా అప్పుడు వేడి గాలి వీచేది, ఇప్పుడు మబ్బు తునకలు, పక్క వీధి దాకా పచ్చని తడి వాసన.

అమ్మాయి పుస్తకంలో డిసెంబరు 21 అని రాసి, ఎదురుగా 88 అని వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఆ అంకె తనే లెక్క కట్టింది. అది కూడా ఆదివారమే వస్తున్నది.

భూగోళం_పంతులమ్మ (కాజీపేట)
సెప్టెంబరు 22, సాయంత్రం 4:05

లెక్క సరిగ్గా ఉందమ్మా. ఆ రోజు గొట్టం పక్కన చోటు చాలకపోవచ్చు, ఉత్తరం వైపున్న పూలకుండీలు ముందే జరిపించు.